షట్టర్ దించే ముందు, చెల్లికి

తెనాలి

చెల్లీ,

నీ ఫోను వచ్చిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. "ఈ నెలాఖరుకి షట్టర్ దించేస్తా అక్కా, మెడ తిప్పలేకపోతున్నా, ఇంక నా వల్ల కాదు" అన్నావు. నీ గొంతులో అలసట విని సరేలే అన్నాను. పడుకున్నాక అనిపించింది, అలా అని ఉండకూడదని. మూసెయ్యడం తప్పని కాదు. నా దగ్గర కుట్టుపని నేర్చుకుని, సొంత కొట్టు పెట్టి ఇరవై ఆరేళ్లు కుట్టావు, పిల్లాణ్ణి చదివించావు, చాలు. కానీ నెలాఖరంటే ఇంకా ఇరవై రోజులే. సంక్రాంతి బట్టలు బల్ల మీద కుప్పగా ఉన్నాయని నువ్వే చెప్పావు. ఇరవై రోజుల్లో కొట్టు ఖాళీ చెయ్యొచ్చు. మూయడం వేరు, దానికి చాలా పని ఉంది. ఆ సంగతి నాకు నా కొట్టు మూసేటప్పుడే తెలిసొచ్చింది. ఇదంతా ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను.

నేను ఈ పని నేర్చుకున్నది ట్రైసెమ్‌లో అని నీకు చెప్పే ఉంటాను. పల్లెటూరి యువతకి స్వయం ఉపాధి నేర్పాలని కేంద్రం 1979లో పెట్టిన పథకం అది. నేను చేరింది 1986లో, నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మొదటి వారమంతా మిషనుకి దారం ఎక్కించనివ్వలేదు. గీతల కాగితం ఇచ్చి, ఉత్త సూదితో గీత మీద కుట్టమన్నారు. సూది గీత తప్పితే ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి ఇచ్చేవాళ్లు. కాలు ఒకే వేగంతో ఆడటం వచ్చాకే పాత చీర ముక్క చేతిలో పెట్టారు, ఆ తర్వాత ఎప్పటికో కొత్త గుడ్డ. శిక్షణలో ఉన్నన్నాళ్లూ స్టైపెండు ఇచ్చారు, అయిపోయాక మిషను ఇచ్చారు. బ్యాంకు కాగితం ఎలా నింపాలో, కూలి ఎలా కట్టుకోవాలో కూడా చెప్పారు. ఇప్పుడూ అంతే. ముద్ర లోను కావాలన్నా, విశ్వకర్మ పథకంలో దర్జీగా పేరు రాయించుకోవాలన్నా దారి చూపించేవాళ్లు ఉన్నారు. ముగించేవాళ్లకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. ఉద్యోగస్తులకైతే రిటైరయ్యే తేదీ చేరిన రోజే రాసి ఉంటుంది. శాలువా కప్పుతారు, పీఎఫ్ చేతికొస్తుంది. మనకి ఆ తేదీ మనమే పెట్టుకోవాలి, ఆ రోజుకి కావలసినవన్నీ మనమే అమర్చుకోవాలి.

అందుకని ముందు తేదీ. నెలాఖరు వద్దు, మార్చి 31 పెట్టుకో. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఏప్రిల్ నుంచి మార్చి లెక్క. ఏప్రిల్ రెండో తారీఖున మూసినా ఆ ఏడాదికి కట్టమంటారు. నీ లెక్కల పుస్తకం కూడా మార్చితోనే ముగుస్తుంది, సగంలో తెగదు. ఇంకో కారణం, ఈసారి జనవరి అంతా మూఢం. పెళ్లి బట్టలు రావు. సంక్రాంతి అవగానే నీకు చేతి నిండా తీరిక దొరుకుతుంది, మూసే పనులకి ఆ తీరిక కావాలి. వచ్చే ఉగాది, 2026లో, మార్చి 19న. కొత్త బట్టలు తీసుకోవడం ఫిబ్రవరి నెలాఖరుకి ఆపెయ్. చేతిలో ఉన్నవి ఉగాదికి ఇచ్చెయ్. ఆ తర్వాత పన్నెండు రోజులు కేవలం ఇచ్చిపుచ్చుకోవడాలకి ఉంచుకో. నేను ఆ పన్నెండు రోజులూ ఉంచుకోలేదు. మాకు పోయినసారి ఉగాది మార్చి 30న వచ్చింది, 29 రాత్రి పదకొండింటి దాకా కుడుతూనే ఉన్నాను. 31న షట్టర్ దించాను. ముప్పై ఆరేళ్ల దుకాణాన్ని ఒక్క పూటలో ఊడ్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు ఎవరితోనూ రెండు నిమిషాలు నిలబడి మాట్లాడలేకపోయాను. ఆ వెలితి ఇప్పటికీ ఉంది.

తేదీ పెట్టుకున్నాక ముందు ఎవరికి చెప్తావు? నేను ఇక్కడ పెద్ద తప్పు చేశాను, నువ్వు చెయ్యకు. ఆరు నెలల ముందు, దసరా రోజుల్లో, పాత కస్టమరు ఒకావిడ వస్తే మాటల్లో మాటగా "వచ్చే ఏడు ఉండనండీ" అన్నాను. ఆవిడ వెళ్లి కూరగాయల బండి దగ్గర ఇంకొకరితో అంది. సాయంత్రానికి మా చేతిపని అమ్మాయికి తెలిసింది. పంతొమ్మిదేళ్లు నా దగ్గర కాజాలు, హుక్కులు, చేతి హెమ్మింగు అన్నీ తనే. ఆ సాయంత్రం జాకెట్టుకి హుక్కులు వేస్తూ తల ఎత్తకుండా అడిగింది, "అక్కా, నేను ఎక్కడ చూసుకోవాలి?" అని. ఏడవలేదు, కోపగించుకోలేదు. సూది మాత్రం అదే హుక్కు మీద మళ్లీ మళ్లీ తిప్పుతోంది. నేను మిషను ఆపి పక్కన కూర్చున్నాను గానీ అప్పటికే ఆలస్యమైంది. ఆ మాట నా నోటి నుంచి ముందు తనకి వెళ్లాలి. బజారు నుంచి తన చెవిన పడకూడదు.

కాబట్టి మీ కొట్లో పనిచేసే ఇద్దరమ్మాయిలకి ఈ వారంలోనే చెప్పు. బట్టలన్నీ సర్దేశాక, టీ తాగుతూ, నిదానంగా చెప్పు. తేదీ చెప్పు, వాళ్లకి ఏమిస్తావో అదీ చెప్పు. "చూద్దాంలే, ఏదో ఒకటి చేస్తాను" అనొద్దు. అలాంటి మాట వాళ్లకి రాత్రిళ్లు నిద్ర లేకుండా చేస్తుంది.

ఏమివ్వాలి అంటావా? గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చింది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట్లకే అది వర్తించేది. మనలాంటి కొట్లకి కాదు. అయినా లెక్క కట్టడానికి నాకు ఆ చట్టమే పనికొచ్చింది. పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం, నెలకి ఇరవై ఆరు పనిదినాలు. ఆ అమ్మాయి జీతం 9,000. పంతొమ్మిదేళ్లకి 98,650 రూపాయలు దాకా తేలింది. అంత డబ్బు ఒక్కసారిగా నా దగ్గర లేదు. తనని కూర్చోబెట్టి కాగితం మీద లెక్క చూపించాను. 60,000 మూడు విడతల్లో ఇచ్చాను. మిగతాదానికి పవర్ మిషనూ, గుడ్డ అంచులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాకూ తీసుకుంటావా అని అడిగాను. తీసుకుంది. ఇప్పుడు ఇంట్లో ముందు గదిలో వేసుకుని కుడుతోంది. నా కస్టమర్లలో సగం మంది తన దగ్గరికే వెళ్తున్నారు. మొదట్లో జాకెట్టు మెడ తీయడానికి భయపడి ఫోను చేసేది, ఇప్పుడు చెయ్యడం లేదు. అది చాలా సంతోషంగా ఉంది నాకు. మీ అమ్మాయిల్లో పెద్దామెకి కటింగు వచ్చని అన్నావు కదా. ఈ మూడు నెలలూ కత్తెర ఆమె చేతికే ఇవ్వు. నువ్వు పక్కన ఉండగానే రెండు జాకెట్లు చెడగొట్టనీ, ఆ గుడ్డ ఖర్చు నీదే అనుకో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆది జాకెట్లు, అదే, కొలతకని ఇచ్చే పాత జాకెట్లు.

మా బల్ల కింద ఒక పెద్ద రేకు పెట్టె ఉండేది, నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు మా దగ్గర నేర్చుకున్న నాలుగేళ్లూ దాని మీదే కూర్చుని అన్నం తినేదానివి. తీసి లెక్కపెడితే నూట అరవై మూడు ఆది జాకెట్లు. "ఇది మీ దగ్గరే ఉంచండి, ప్రతిసారీ తేవడం దేనికి" అని నమ్మి వదిలి వెళ్లినవి. కొన్నింటికి మెడ పట్టీ లోపల సుద్దతో రాసిన పేరు చెరిగిపోయింది. కొన్ని ఎవరివో కుట్టు చూసి గుర్తుపట్టాను. ఫలానా ఆవిడకి చంక దగ్గర రెండు కుట్లు వేసేదాన్ని, ఫలానా పిల్లకి పెరుగుతుందని పక్కన అంగుళం గుడ్డ వదిలేదాన్ని. ఇవి పాత గుడ్డలే కదా అని పోగుచేసి బొంతలు కుట్టేవాళ్లకి ఇచ్చెయ్యమని మా ఆయన అన్నారు. నాకు మనసొప్పలేదు. ఒక్కొక్కరికీ ఫోను చేశాను. రాలేనివాళ్లకి సాయంత్రాలు నడిచి వెళ్లి ఇచ్చాను. మూడు వారాలు పట్టింది.

ఒక గంధం రంగు జాకెట్టు, 1998లో ఇచ్చింది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. కూతురికి ఫోను చేస్తే గుంటూరు నుంచి వచ్చింది. జాకెట్టు చేతికిస్తే మడత విప్పి భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తి చూసింది. "మా అమ్మ ఇంత సన్నగా ఉండేదా" అంది. కొంచెం సేపు అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత నా చేతిలో డబ్బులు పెట్టబోయింది, నేను తీసుకోలేదు. మనం దాచినవి ఏమిటో మనకి తెలియదమ్మా. అందుకే నీ పెట్టె కూడా ముందు తెరువు. జనవరిలో మొదటి పని అదే.

తర్వాత కొలతల పుస్తకాలు. నావి తొమ్మిది. వాటిని అటక మీద పడేస్తే చెదలకి, అమ్మేస్తే పల్లీల పొట్లాలకి. మన ఆడవాళ్ల ఒంటి కొలతలు పేర్లతో సహా బజార్లో తిరగడం నాకు ఊహించుకోవడానికే బాగోలేదు. అందుకని పాతిక రూపాయల అట్ట కార్డుల కట్టలు తెచ్చి, ఇప్పటికీ వస్తున్న ప్రతి కస్టమరుకీ ఒక కార్డు రాశాను. పొడవు, ఛాతీ, నడుము, భుజం, చంక చుట్టు, చెయ్యి పొడవు, చెయ్యి లూజు, ముందు మెడ, వెనక మెడ. ఇవి ఏ దర్జీ అయినా టేపు పెట్టి తీసుకుంటాడు. కార్డులో రాయాల్సింది టేపుకి అందనిది. ఎడమ భుజం అర అంగుళం కిందికి ఉంటుంది. వెనక మెడ లోతు తీస్తే జారుతుంది. కుడి చెయ్యి లావు, రెండు చేతులకీ ఒకే లూజు పెట్టొద్దు. గాజుల చెయ్యి కాబట్టి అంచు బిగువు వద్దు. ఇరవై ఏళ్లు ఒక మనిషికి కుడితే గానీ ఇవి తెలియవు. కొత్త దర్జీ దగ్గర ఆమె మూడు జాకెట్లు పాడుచేసుకోకుండా ఈ నాలుగు మాటలు కాపాడతాయి. కార్డు చేతికిచ్చినప్పుడు కొందరు చదువుకుని నవ్వుకున్నారు, ఒకావిడ "నా గురించి నాకే తెలియదు ఇదంతా" అంది.

ఒక్కరికి మాత్రం కార్డు రాయలేదు. ఆవిడకి రొమ్ము ఆపరేషన్ అయింది, చాన్నాళ్లయింది. ఆ పక్క జాకెట్టు లోపల మెత్తటి పాత నూలు గుడ్డలో దూది పెట్టి, ఉతికినా ఒక చోటికి చేరకుండా చిన్న చిన్న గళ్లుగా కుట్టి, లైనింగుకి అతికేదాన్ని. ఆ ఇంట్లో ఆయనకి తప్ప బయట ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. అలాంటిది కాగితం మీద పెట్టకూడదు. వాళ్లింటికి వెళ్లి, ఆరు మెత్తలు కుట్టి పట్టుకెళ్లి ఇచ్చాను. ఎలా అతకాలో ఆవిడ కోడలికి కాదు, ఆవిడకే నేర్పాను. గంటన్నర పట్టింది. నీ దగ్గరా ఇలాంటివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల విషయం నువ్వొక్కదానివే చూడు, పని అమ్మాయిలకి అప్పగించకు. కార్డులు రాయడం అయ్యాక ఆ కొలతల పుస్తకాలు పేజీలు చింపి పొయ్యిలో వేశాను.

వదిలేసిన బట్టలు కూడా ఉంటాయి. కుట్టించుకుని తీసుకెళ్లనివి. నాకు పద్నాలుగు మిగిలాయి. ఫోను చేసి, తెలిసినవాళ్ల చేత కబురు పెట్టి, గోడ మీద కాగితం అంటించి రెండు నెలలు చూశాను. చివరికి ఐదు మిగిలితే సంచిలో పెట్టి ఇంట్లో ఉంచాను, ఫోను నెంబరు మార్చలేదు. అందులో ఒకటి సెప్టెంబరులో తీసుకెళ్లారు. నెంబరు నువ్వు కూడా కనీసం ఏడాది మార్చకు. కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లినా అదే ఉంచు.

డబ్బు సంగతి రాస్తాను, కొంచెం ఓపిగ్గా చదువు.

బాకీలు ముందు వసూలు చెయ్యి, మూస్తున్నానని ఊరంతా తెలియకముందే. మూసేవాళ్లకి ఇవ్వాల్సిన బాకీ చాలామంది మనసులో సగం తగ్గిపోతుంది. నాకు ఇరవై మూడు వేలు రావాలి, పదహారు దాకా వచ్చింది. మిగతాది అడగడం మానేశాను. అందులో ముగ్గురు నిజంగా ఇవ్వలేనివాళ్లు. వాళ్లని పిలిచి "మీ బాకీ కొట్టేశాను, మనసులో పెట్టుకోకండి" అని చెప్పాను. చెప్పకపోతే వాళ్లు మనల్ని చూసి వీధి మారుస్తారు. నువ్వు తీసుకున్న అడ్వాన్సులు మాత్రం పైసాతో సహా తిరిగివ్వు.

నీకు నాకు లేని చిక్కు ఒకటుంది. నేను కుట్టుకూలి మీదే బతికాను, ఏడాదికి 20 లక్షలు ఎప్పుడూ దాటలేదు, జీఎస్టీ జోలి లేదు. నువ్వు మంగళగిరి చీరలూ, డ్రెస్ మెటీరియలూ పెట్టి జీఎస్టీ నెంబరు తీసుకున్నావు. కొట్టు మూస్తే ఆ నెంబరు దానంతటది పోదు. అమ్మకం లేకపోయినా రిటర్ను వెయ్యాలి, వెయ్యకపోతే ఆలస్య రుసుం పెరుగుతూ పోతుంది. మూసిన ముప్పై రోజుల్లోపల రద్దు చెయ్యమని ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి. రద్దయ్యాక మూడు నెలల్లో ఆఖరి రిటర్ను, జీఎస్‌టీఆర్-10 అని, అది వేరేగా వెయ్యాలి. చాలామంది రద్దు అయిందని ఊరుకుంటారు, ఆ ఆఖరిది మర్చిపోయి నోటీసు వచ్చాక లబోదిబోమంటారు. ఇంకో మాట, మూసే రోజుకి నీ దగ్గర ఉన్న సరుకు మీద, కొన్నప్పుడు కట్టి, అమ్మకం టాక్సులో తగ్గించుకున్న క్రెడిట్ తిరిగి కట్టాల్సి ఉంటుంది. కాబట్టి మార్చిలోపు ఆ చీరలన్నీ లాభం చూసుకోకుండా అమ్మెయ్. మీ ఆడిటరు దగ్గరికి ఫిబ్రవరిలోనే వెళ్లు. ఆయన ఫీజు చూసి వెనకాడకు.

చిన్న వ్యాపారాలకి ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా రద్దు చేసుకో, దానికి ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు. కార్మిక శాఖ దగ్గర షాపు రిజిస్ట్రేషన్ ఉంటే మూసినట్టు రాసివ్వాలి. ఆదాయపు పన్ను రిటర్ను మూసిన ఏడాదికి కూడా వెయ్యాలి. ముద్ర లోను నేను 2017లో పవర్ మిషన్లకి తీసుకున్నాను, తీరిపోయింది. తీరిపోయాక బాకీ లేదని బ్యాంకు ఇచ్చే కాగితం మాత్రం అప్పట్లో తీసుకోలేదు. మూసేటప్పుడు దాని కోసం నాలుగుసార్లు తిరిగాను, అప్పటి మేనేజరు లేడు, ఫైలు ఎక్కడో ఉంది. నీది తీరిపోతే ఆ కాగితం ఇప్పుడే తీసుకో. కరెంట్ అకౌంటు ఆఖర్న మూసెయ్. ముందే మూస్తే ఆలస్యంగా వేసేవాళ్ల డబ్బు ఎక్కడికి వస్తుంది?

అద్దె అడ్వాన్సు గురించి. మా ఓనరు మంచాయనే అనుకున్నాను ముప్పై ఏళ్లు. మూసే రోజున సున్నాలనీ, గోడకి మేకులు కొట్టావనీ, షట్టర్ తుప్పు పట్టిందనీ లెక్కలు చెప్పి మూడో వంతు పట్టుకున్నాడు. నా దగ్గర రాసుకున్న కాగితం లేదు. మాట మీద ఇచ్చిన అడ్వాన్సు మాటలతోనే కరిగిపోయింది. నువ్వు ఇప్పుడే, ఇంకా అద్దె ఇస్తున్న రోజుల్లోనే, వెళ్లి ఎంత ఇవ్వాలో కాగితం మీద రాయించుకో. గోడలు, నేల, షట్టర్ ఫోనులో ఫొటోలు తీసిపెట్టు. కరెంటు బిల్లు ఆఖరి రీడింగు ఆయన ముందే తీయించు. చివరి రెండు నెలల అద్దె అడ్వాన్సులో సర్దుకోమని అడిగినా తప్పులేదు.

మనకి పీఎఫ్ లేదు, పింఛను లేదు. ఎన్ని పెళ్లిళ్లకి కుట్టినా మన పేరు మీద ఎవరూ ఏమీ జమ చెయ్యలేదు. నాకు అరవై ఒకటి కాబట్టి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకం దొరికింది. 9 లక్షలు వేశాను, 8.2 శాతం మీద మూడు నెలలకోసారి 18,450 వస్తోంది. ఆ 9 లక్షల్లో ఎక్కువ భాగం నా పీపీఎఫ్ పొదుపు ఖాతాది. ఎవరో చెబితే 2003లో మొదలుపెట్టి, జాకెట్టుకి రెండు రూపాయలు పక్కన పెట్టినట్టుగా వేస్తూ వచ్చాను. నీకు యాభై నాలుగే, ఆ పథకానికి ఇంకా ఆరేళ్లుంది. నెలవారీ ఆదాయ పథకానికి వయసు అడ్డు లేదు. ఒక్కరి పేరు మీద 9 లక్షల దాకా వెయ్యొచ్చు, నేను అడిగినప్పుడు 7.4 శాతం అన్నారు. పూర్తిగా వేస్తే నెలకి 5,550. అది నీకు సరిపోతుందా లేదా అన్నది మార్చిలో కాదు, ఇప్పుడు చూసుకో. సరిపోకపోతే నిర్భయంగా ఇంకో ఏడాది ఆగు. కొట్టు సగం రోజే తెరువు, పెళ్లి జాకెట్లు మానేసి చీరలకి ఫాల్సూ పీకో మాత్రం చెయ్యి, మెడకి విశ్రాంతి దొరుకుతుంది. కొడుకు చూసుకుంటాడు నిజమే. అయినా మందుల డబ్బు నీ చేతిలో నుంచి ఇచ్చుకుంటే వచ్చే ధైర్యం వేరు. ఆరోగ్య బీమా కూడా సంపాదన ఉన్నప్పుడే తీసుకో. మీ పని అమ్మాయిలకి నలభై లోపే కదా, వాళ్ల చేత అటల్ పెన్షన్ కట్టించు. మొదటి ఏడాది నువ్వు కట్టు. నాకు ఆ పథకం వచ్చేనాటికి వయసు దాటిపోయింది.

మిషన్లన్నీ అమ్మకు. పీకో మిషను, ఇస్త్రీ బల్ల, అద్దాలు, బొమ్మలు అన్నీ పోనీ. ట్రైసెమ్‌లో ఇచ్చిన నా తొక్కుడు మిషను మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను, కిటికీ పక్కన ఉంది. పాత సామాన్లవాడు వెయ్యి రూపాయలు ఇస్తానన్నాడు. బాబిన్ పెట్టెలో ఇంకా 1989 నాటి చెక్క రీలు ఒకటి ఉంది. నీది కూడా, మీ నాన్న పొలం కౌలు డబ్బుతో కొనిచ్చిన నల్ల మిషను, ఎక్కడికీ పోనివ్వకు.

మూసిన తర్వాత సంగతి నీకు ఎవరూ చెప్పరు కాబట్టి అది కూడా రాస్తున్నా. మొదటి పది రోజులు బాగుంటుంది. నిద్రపోతావు, గుడికి వెళ్తావు, మెడ నొప్పి తగ్గుతుంది. తర్వాత ఒక ఉదయం తొమ్మిదిన్నరకి చీర కట్టుకుని, తాళాలు చేతిలో పట్టుకుని, ఎక్కడికి వెళ్లాలో తెలియక నిలబడతావు. నేను నిలబడ్డాను. కొట్టు తాళాలు అప్పటికే ఓనరుకి ఇచ్చేశాను కూడా, నా చేతిలో ఉన్నవి బీరువావి. రోడ్డు మీద ఎవరైనా "ఏం చేస్తున్నారండీ ఇప్పుడు" అంటే నోరు పెగల్లేదు. ఇంట్లోవాళ్లు "ఖాళీయే కదా" అని చిన్న చిన్న పనులన్నీ మన మీద పెడతారు. అది తట్టుకోవడం కుట్టడం కంటే కష్టం. ఎవరో ఒకరు "ఒక్క జాకెట్టే, మీరే కుట్టాలి" అని ఇంటికి వస్తారు. మూడు నెలలు ఎవరివీ తీసుకోకు. ఒకటి తీసుకుంటే ఇరవై వస్తాయి. అప్పుడు కొట్టు లేదు, కూలి గట్టిగా అడగలేవు, మెడ నొప్పి మాత్రం ఉంటుంది. మూడు నెలల తర్వాత నీకే తెలుస్తుంది, చెయ్యి దేనికి ఆరాటపడుతోందో. నాకు మనవరాలికి లంగా ఓణీ కుట్టాలనిపించింది. అదొక్కటే కుట్టాను. వారం రోజులు తీసుకున్నాను, అంచు మొత్తం చేత్తో వేశాను. కొట్టు ఉన్నన్నాళ్లూ అంత నిదానంగా ఒక్క బట్ట కూడా కుట్టలేదు.

ఆఖరి రోజు గురించి ఒక్క మాట. ఆ రోజు పని పెట్టుకోకు. బల్ల ఖాళీగా ఉంచి, నాలుగు కుర్చీలు బయట వేసి కూర్చో. వచ్చేవాళ్లు వస్తారు. టీ తెప్పించు. పక్క కొట్లవాళ్లని, రోజూ పెట్టెలు మోసిన రిక్షా అతన్ని, దారాల కొట్టాయన్ని పిలువు. నీ దగ్గర మొదటి పెళ్లి జాకెట్టు కుట్టించుకున్న అమ్మాయి పిల్లల్ని తీసుకుని వస్తుంది, చూస్తూ ఉండు. నాకు లేకుండా పోయింది అదే.

సంక్రాంతి అయ్యాక కనుమ మర్నాడు నేను మంగళగిరి వస్తాను. నాలుగు రోజులు ఉంటాను. అట్ట కార్డులు నా దగ్గర ఇంకా రెండు కట్టలు మిగిలాయి, అవి తెస్తాను. నువ్వు కొలతల పుస్తకాలు అటక మీంచి దింపి, దుమ్ము దులిపి ఉంచు. నువ్వు చెబుతుంటే నేను రాస్తాను, నీ మెడ వంచే పని ఉండదు.

అక్క